చేతుల నీళ్లు

కృపమ్మ ఈ పొద్దు కూడా గంజి ముట్టలేదు. హేబ్సిబా చెమ్చాతో నోటిదాకా తెస్తే పళ్లు బిగించింది. ఆమెకు మిగిలినవి నాలుగు పళ్లే, కానీ కోడలికి ఎదురు తిరగడానికి అవి చాలు.

"రొట్టె ముట్టినంకనే గంజి. నిన్న చెప్పిన, మొన్న చెప్పిన. ఇంకెన్నిసార్లు చెప్పాలె కోడలా?"

ఆమె అడిగేది పొయ్యి మీద కాలే జొన్నరొట్టె కాదు. గుడిలో ప్రభువు బల్ల మీద తెల్లగుడ్డ కింద పెట్టే రొట్టె. బీదరు నుంచి అహరోను అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి విరిచి ఇవ్వాల్సిన రొట్టె. ఆయనకు చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు. కమఠాణ దాకా బస్సు, అక్కడి నుంచి ఎర్రగేరికి కాలినడక. అందుకని ఆయన రాక పంటకాలానికి ఒకసారి, ఎండకాలానికి ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. ఈ రోజు వస్తున్నాడు. మళ్లీ వచ్చేనాటికి తాను ఉండనని ముసలమ్మకు తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

"కొడుకులిద్దరు చేతుల మీద నీళ్లు పోసుకుంటరా ఈ పొద్దన్న?" కృపమ్మ కోడలి కొంగు పట్టుకుంది.

"పోసుకుంటరు అత్తా."

ఆదివారం పూట, తెల్లవారీ తెల్లవారకముందే, అంత పెద్ద అబద్ధం హేబ్సిబా నోట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. గంజి గిన్నె మీద మూత పెట్టి లేచింది.

ఎర్రగేరి సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. బల్ల మీది గుడ్డ ఎత్తేముందు, సంఘంలో ఎవరికైనా ఒకరితో ఒకరికి పడకపోతే, గుడి ద్వారం దగ్గర ఒకరి చేతుల మీద ఒకరు నీళ్లు పోసుకోవాలి. పోసేవాడి చెయ్యి పట్టేవాడి చేతికి తగలాలి. ఒక్క ఇంటి తగాదా తెగకపోయినా ఆ రోజు గుడ్డ ఎత్తరు. ఎవరికీ రొట్టె లేదు. 'గొంతుల కోపం పెట్టుకొని రొట్టె మింగొద్దు' అని కృపమ్మ మామగారు గిద్యోను తాత పెట్టిపోయిన మాట అది.

ఆయన ఊరికే పెట్టలేదు. తాత కాలంలో ఊరిబావి మెట్ల మీద వీళ్లకు చోటు లేదు. దాహమేస్తే దోసిలి పట్టి కింద నిలబడాలి. ఎవరికో దయ పుట్టి పైనుంచి పోస్తే తాగాలి. చెంబు దోసిలికి తగలకూడదు. దేవుడి మాట చెప్పడానికి వచ్చిన బోధకుడికి బాప్తిస్మం ఇవ్వడానికి కూడా ఆ బావి నీళ్లు దొరకలేదు. అప్పుడు తాత ఆయన్ను వాగుకు తీసుకెళ్లాడట. వాగు ఎవరి సొత్తూ కాదు కదా. ఆ రోజు నుంచి ఎర్రగేరిలో వాగు దిగిందే బాప్తిస్మం. పంట ఇంటికొచ్చాక గుడి పండుగ చేస్తారు, ఆ రోజే పిల్లల్ని వాగులో దింపుతారు, వాగులోనే పేరు పెడతారు. అప్పటిదాకా పుట్టినవాడు ఎవరైనా చిన్నోడే, పుట్టినది ఎవరైనా చిన్నదే. వాగు దిగినవాళ్లు పోతే గుడి వెనక ఎర్రరాతి గోడ లోపల పడుకుంటారు. దిగనివాళ్లు గోడ బయట.

బీదరు నుంచి వచ్చిన అయ్యగార్లు ఒకరి తర్వాత ఒకరు చెప్పి చూశారు, నెత్తిన గిన్నెడు నీళ్లు పోసినా చాలని. గిన్నెకు ఒప్పుకుంటే తాత దిగిన వాగు ఉత్తదైపోతుందని వీళ్ల భయం. ఆ భయానికి ఇప్పుడు కావలి సంఘపెద్ద సంసోను, హేబ్సిబా భర్త.

నిరుడు వానలు మొండిచెయ్యి చూపాయి. గుడి పండుగ నాటికి వాగు ఇసుకదిబ్బ అయింది. తమ్ముడు శాంతరాజు, కళ్లు కాయలు కాసేలా చూడగా పుట్టిన కొడుకును ఎత్తుకుని వచ్చి, గిన్నె నీళ్లతో అయినా కానిమ్మన్నాడు. అహరోను అయ్యగారు సరేనన్నాడు. సంసోను వద్దన్నాడు. వాన పడనీ, వాగు పారనీ, తొందరేమొచ్చింది అన్నాడు. అయ్యగారు నోరు మూసుకున్నాడు. వాన పడలేదు. పిల్లవాడికి జ్వరం వచ్చింది. ఇంతకన్నా చెప్పాల్సిన పని లేదు. పోయిన నెల శాంతరాజు తన కొడుకును గోడ బయట, తన చేతులతోనే బొంద తవ్వి పెట్టాడు. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు. ఇంటి ముందరి వాకిలి ఒకటే, అటు ఇటు రెండు పొయ్యిలు, మధ్యలో అరుగు మీద తల్లి మంచం.

సంసోను వాకిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కరువు కాలం, అరచేతిలో పట్టేటన్ని నీళ్లతోనే ఆ పని కానిస్తున్నాడు. హేబ్సిబా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"అత్త గంజి ముడ్తలేదు."

"విన్న."

"ఈ పొద్దు ఎట్లనన్న నీళ్లు పోసుకోండి. ముసల్ది ఎన్ని దినాలు ఉంటదని?"

సంసోను కత్తిని గుడ్డకు తుడిచాడు. "నేను పోస్త. పోస్తే నా చెయ్యి అరిగిపోదు. వాణ్ని పట్టమను."

"కొడుకును గోడ లోపలికి తెస్తేనే చేతులు పడ్తనంటుండు."

"అది నా చేతుల లేదు. మాణిక్యప్ప బిడ్డను ఇట్లనే బయట పెట్టించినోణ్ని నేను. ఆయన నా కాళ్లు పట్టుకున్నా వినలే. ఇయ్యాల నా తమ్ముని కొడుకని లోపల పెట్టుకుంటే రేపు ఆ మాణిక్యప్ప ముఖం ఎట్ల చూడాలె చెప్పు."

సంసోను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమె బతుకు సులువుగా ఉండేది, నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకునేది. పిల్లవాడు పోయిన రోజు ఆయన గడ్డివాము వెనక కూర్చుని ఏడ్వడం ఆమె చూసింది. మొహం కడుక్కుని వచ్చి గోడ గేటు దగ్గర అడ్డంగా నిలబడడం కూడా చూసింది. న్యాయం పట్టుకున్న మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో చేసిన వాళ్లకే తెలుసు.

"కట్టుబాటు ప్రకారం ఆ పిలగాడు లోపలికి రావల్నంటే ఏం గావాలె?" అని ఆమె అడిగింది.

సంసోను అద్దంలోంచి ఆమెను చూశాడు. "తెల్వదా నీకు? వాగు నీళ్లు. బాప్తిస్మం. పేరు. పోయినోనికి ఇప్పుడు ఎవరిస్తరు?"

హేబ్సిబాకు ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. నెల రోజులుగా మింగుతూనే ఉంది.

ఎందుకంటే ఆ పిల్లవాడికి బాప్తిస్మం అయింది. ఇచ్చింది హేబ్సిబానే.

ఆ రోజు శాంతరాజు బండి కోసం కమఠాణకు పరుగెత్తాడు. దయమ్మ అప్పటికి రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. కూర్చున్నచోటనే తూలిపోతుంటే హేబ్సిబానే బలవంతంగా అవతలి గదిలో పడుకోబెట్టి, పిల్లవాణ్ని తన ఒళ్లోకి తీసుకుంది. దయమ్మ ఆమెకు తోడికోడలే కాదు, సొంత చెల్లెలు. కాసేపటికి పిల్లవాడి ఊపిరి మారింది. పిలవడానికి సందు లేదు. హేబ్సిబా పక్కనున్న కుండలో చెయ్యి ముంచి, వాడి నెత్తిన మూడుసార్లు నీళ్లు పోసి, గుడిలో అయ్యగార్లు అనే మాటలే అంది. పేరు పెట్టి అంది. నీళ్లు పడగానే వాడు మొహం చిట్లించి కళ్లు మూశాడు. మళ్లీ తెరవలేదు.

అంతే. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఆడదాని నోటితో ఆ నామాలు పలకొచ్చా? అయ్యగారు ఇవ్వాల్సింది తాను ఇస్తే అది లెక్కకొస్తుందా, పాపమవుతుందా? చెబితే సంసోను ఏమంటాడు? ఇవన్నీ ఆలోచించేలోపే బొంద పూడ్చేశారు. పూడ్చాక చెప్పడం ఇంకా కష్టమైంది. ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కుతూ పోయింది.

వాకిలికి అవతల దయమ్మ గడప మీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. ఒకప్పుడు ఆమె చెరుగుతుంటే పాట ఒకటి నడుస్తూ ఉండేది. హేబ్సిబా వెళ్లి పక్కన కూర్చుని, గుడికి వస్తావా అని అడిగింది. ఆయన వస్తే వస్తానంది దయమ్మ. అత్త కోసమన్నా రమ్మంటే, అత్త మంచం మోయడానికి ఆయన ఎలాగూ వస్తాడంది.

"అక్కా," అంది దయమ్మ తల ఎత్తకుండానే. "గుడి పండుగకు అయ్యగారు పోయినోళ్ల పేర్లు చదువుతడు గద. మావానికి ఏమని చదువుతడు?"

హేబ్సిబా చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"పేరు పెట్టి ఏడ్వనీకె కూడ లేకపాయె. చిన్నోడా, చిన్నోడా అని ఏడుస్తున్న. ఊర్ల ఎవరి పిలగాడైనా చిన్నోడే గద. వాడు యాడున్నడో అక్కడ నేను పిలిచేది తనను అని వానికెట్ల తెలుస్తది?"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. హేబ్సిబా చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసింది. "దయా," అంది.

అంతలో లోపలి నుంచి శాంతరాజు వచ్చాడు. సర్కారు వాళ్ల కరువు పనిలో రాళ్లు కొట్టికొట్టి మనిషి నల్లబడి సన్నబడ్డాడు. వదినను చూసి కళ్లు పక్కకు తిప్పుకున్నాడు. అన్న పంపితే రాజీకి వచ్చిందనుకున్నాడు కాబోలు.

"వదినె, మీ ఆయనకు చెప్పు. అమ్మ మంచం మోస్త. నా అమ్మ గద, మోస్త. చేతులు మాత్రం పట్ట."

హేబ్సిబా లేచి వచ్చేసింది. చెప్పకపోవడానికి మరిది రావడం ఒక సాకు. ఆ సాకు దొరికినందుకు లోలోపల ఊరట కలిగింది, ఆ ఊరటకు ఆమె సిగ్గుపడింది.

గుడి ఊరి అంచున, వాగు గట్టు మీద ఉంది. తాత కాలంలో తామే తవ్వి తెచ్చుకున్న ఎర్రరాళ్లతో కట్టినది. కృపమ్మ మంచాన్ని ముందు సంసోను, వెనక శాంతరాజు పట్టుకున్నారు. ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఒకే తల్లిని ఇద్దరూ ఒకే అడుగుతో మోసుకుంటూ పోయారు. ఒకరి వీపు చూస్తూ ఒకరు, ఒక్క మాట లేకుండా. చూసేవాళ్లకు అంత ఐకమత్యం ఎక్కడా ఉండదనిపిస్తుంది.

అహరోను అయ్యగారు అప్పటికే బల్ల సర్దుకున్నాడు. తెల్లగుడ్డ కింద హేబ్సిబా పొద్దున్నే కాల్చి పంపిన గోధుమ రొట్టె, ఎండుద్రాక్షలు నానబెట్టి పిండిన రసం. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. మంచం మధ్యలో దింపారు. ద్వారం దగ్గర రాతి మీద ఇత్తడి చెంబు నిండా నీళ్లు. ఇంత ఎండలో అన్ని నీళ్లు ఒక్కచోట చూసి పిల్లలు గుటకలు వేస్తున్నారు.

పాట అయింది, వాక్యం అయింది. అయ్యగారు గొంతు సవరించుకుని, సంఘంలో ఎవరి మనసులోనైనా ఎవరి మీదనైనా కోపం ఉందా అని ఎప్పటిలాగే అడిగాడు. అందరూ ఒకే ఇంటివైపు చూశారు.

సంసోను లేచి చెంబు చేతిలోకి తీసుకున్నాడు. "నేను తయారున్న," అన్నాడు.

"శాంతరాజూ, చేతులు పడ్తవా నాయనా?" అని అయ్యగారు అడిగాడు.

"పడ్త అయ్యగారు. నా కొడుకును గోడ లోపలికి తెచ్చినంక పడ్త."

"వాగు దిగని బిడ్డను తేనీకె నాకు హక్కు లేదు," అన్నాడు సంసోను. ఆ మాట తమ్ముడితో అనలేదు, మాణిక్యప్ప వైపు తిరిగి అన్నాడు. మాణిక్యప్ప చాప అంచు చూస్తూ ఉండిపోయాడు.

అయ్యగారు తల్లి పేరెత్తి బతిమాలాడు. శాంతరాజు కదలలేదు. సంసోను చెంబు పట్టుకుని అట్లానే నిలబడ్డాడు. మంచం మీది నుంచి కృపమ్మ, అయిందా అని అడిగింది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. పక్కనున్నామె ఇంకా కాలేదని చెవిలో చెప్పింది. ముసలమ్మ తల ఊపి మళ్లీ కళ్లు మూసుకుంది. అన్నీ అయ్యాక రొట్టె తనకు వస్తుందన్న నమ్మకంతో చేతులు రెండూ గుండె మీద చేర్చి, అరచేతులు పైకి పెట్టి పడుకుంది.

హేబ్సిబా ఆ అరచేతుల్ని చూసింది. ఇక ఉండలేకపోయింది.

అయ్యగారు గుడ్డ కొసలు మడిచి రొట్టెను మూటగట్టబోతున్నాడు. హేబ్సిబా లేచి నిలబడింది.

"అయ్యగారు, ఆ బిడ్డకు బాప్తిస్మం అయింది."

గుడి మొత్తం ఆమె వైపు తిరిగింది. సంసోను చేతిలో చెంబు తొణికింది.

"ఎవరిచ్చిన్రు?" అన్నాడు అయ్యగారు.

"నేనే. ఇంకెవరు లేకుండె. నా ఒళ్లనే పోయిండు. పోయే ముందు మూడుసార్లు పోసిన. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్న. నాకొచ్చిన మాటలు అవే."

"ఊపిరి ఉండెనా అమ్మా అప్పుడు?"

"ఉండె. నీళ్లు పడంగనే మొహం చిట్లించిండు."

అయ్యగారు చేతిలోని గుడ్డ కొసలు వదిలేశాడు. చావు దగ్గరకొచ్చి అయ్యగారు అందని చోట విశ్వాసి ఎవరిచ్చినా ఆ బాప్తిస్మం చెల్లుతుందని, ఆడా మగా తేడా లేదని చెప్పాడు. గుడి పండుగ రోజునే గట్టిగా నోరు విప్పి ఉంటే ఈ తల్లికి ఈ పని పడేది కాదని, ఆ పాపం తనదని సంఘం ముందే ఒప్పుకున్నాడు.

సంసోను మాత్రం ఒప్పుకోలేదు. ఆయన మొహం నల్లబడింది. "చెల్లుతదేమో అయ్యగారు, మీ పుస్తకం ప్రకారం. మా కట్టుబాటు వాగు నీళ్లది. అవి కుండ నీళ్లు."

"కుండల నీళ్లు యాడియి?" అంది హేబ్సిబా.

ఆయన తెల్లబోయాడు.

"బావి ఎండి ఎన్ని నెలలాయె? నేను దినాం యాడికి పోతున్న బిందె పట్టుకొని? వాగుల ఇసుక తీసి, చెలిమె తోడి తెస్తున్న. ఇంటింటికి అవ్వే నీళ్లు. తాగేటియి అవ్వే, బువ్వ వండేటియి అవ్వే. ఈ పొద్దు నీ గడ్డానికి పెట్టుకున్నయి కూడ అవ్వే. వాగు యాడికి పోలే. ఇసుక కిందనే ఉండె. మనం ఎవరం చూడలే."

ఆడవాళ్లలో ఒకరిద్దరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఇంట్లో ప్రతి కుండలోనూ వాగు నీళ్లు పెట్టుకుని, వాగు ఎండిందని పిల్లవాణ్ని పేరు లేకుండా ఉంచారు. పైనుంచి పారితేనే వాగు అనుకున్నారు. మాణిక్యప్ప తల మోకాళ్ల మధ్యకు వాలింది. ఆయన బిడ్డ ఏ నీళ్లు లేకుండానే పోయింది.

సంసోను చెంబుతోనే తమ్ముడి ముందుకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. సంఘపెద్ద అలా ఎవరి ముందూ కూర్చోగా ఎర్రగేరిలో ఎవరూ చూడలేదు.

"తప్పు నాది రా. రేపు పొద్దుగాల నేనే తవ్వి తెస్త. నా చేతులతోనే లోపల పెడ్త. పట్టురా, చేతులు పట్టు."

శాంతరాజు రెండు చేతులూ చాచాడు. రాళ్లు కొట్టి పగిలిన చేతులు. సంసోను వాటిని పట్టుకుని నీళ్లు పోశాడు. తర్వాత శాంతరాజు చెంబు అందుకుని అన్న చేతుల మీద పోశాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. వాళ్లతోపాటు సగం గుడి ఏడ్చింది. అయ్యగారు స్తోత్రం అంటూ బల్ల వైపు తిరిగి, గుడ్డ కొస పట్టుకున్నాడు.

"ఏం పేరు పెట్టినవ్?"

అడిగింది దయమ్మ. ఆమె ఏడవలేదు. ద్వారం పక్కన, ఆడవాళ్ల వరుసలో చివరన కూర్చుని ఉంది. ఇంతసేపూ ఆమె ఉన్నదన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

హేబ్సిబా చెల్లెలి వైపు తిరిగింది. "గిద్యోను అని. తాత పేరు. అత్తకు ఇష్టమని."

"గిద్యోను," అంది దయమ్మ మెల్లగా, ఆ పేరు రుచి చూస్తున్నట్టు. ఇంకోసారి అంది. మూడోసారి అనలేకపోయింది.

"నెల నుంచి నీకు తెలుసు."

"దయా..."

"నేను అడిగిన. ఈ పొద్దే అడిగిన, ఏమని పిలవాలె అని. నా పక్కన కూసొని విన్నవ్. బొందల పెడుతుంటే నా భుజం పట్టుకొని నిలబడ్డవ్, పేరు లేని బిడ్డాయె అని నేను నెత్తి కొట్టుకుంటుంటే. నా కొడుక్కి పేరున్నదని నీకు తెలుసు. నా కొడుకు పేరు నాకు తెల్వదు."

భయమైందని చెప్పింది హేబ్సిబా. ఏం జేయాల్నో తోచలేదంది. అవన్నీ నిజాలే. నోట్లోంచి వచ్చాక ఒక్కటీ నిలబడలేదు. మరిది చేతిలోంచి చెంబు తీసుకుని చెల్లెలి దగ్గరకు వెళ్లింది. అడుగున ఇంకా కాసిన్ని నీళ్లున్నాయి.

"చేతులు పట్టు దయా. నీ కాళ్లు మొక్కుత."

దయమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది.

"వాళ్లిద్దరిది ఫైసలా అయింది. నీది నాది కాలే అక్కా."

అయ్యగారి చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది. మంచం మీద కృపమ్మ ఊపిరి గురక పెడుతున్నట్టుగా వస్తోంది, ఉండుండి ఆగుతోంది. సంసోను తమ్ముడి భార్య ముందు చేతులు జోడించాడు. "అమ్మ కోసమన్న. ఈ ఒక్క పూటకు, దయమ్మా."

"ఒక్క పూటకు నా కొడుకు కోసం మీరు ఒప్పుకోలేదు గద బావా. కట్టుబాటు అన్నరు. నాకూ అదే కట్టుబాటు." ఆమె కోపంగా అనలేదు. అలసిపోయిన గొంతుతో అంది. "లేని సమాధానం ఉన్నదని చేతులు పడితే అది అబద్ధమైతది. దేవుని ముందల అబద్ధం ఆడమంటరా?"

శాంతరాజు భార్యను పేరు పెట్టి గదమాయించబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఇంతసేపూ తలుపు మూసినవాళ్లు ఇద్దరు మగవాళ్లు. ఇప్పుడు తలుపుకు అడ్డం హేబ్సిబా ఒక్కతే. అత్తగారికి రొట్టె అందాలని నోరు విప్పింది, ఆ నోటితోనే రొట్టె ఆపేసింది. ఆ సంగతి ఆమెకు అర్థమైంది.

చెంబును రాతి మీద పెట్టి, భర్త వైపు తిరిగింది.

"సంఘంల కోపముంటే గద గుడ్డ ఎత్తంది. నేను సంఘంల లేకుంటే?"

సంసోనుకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"నన్ను తీసేయి," అంది హేబ్సిబా. "నువ్వు పెద్దవు. నీ నోటితోని చెప్పు, ఈమె మన బల్లకు సంబంధం లేదని. నేను గడప దాటుత. అత్తకు రొట్టె పెట్టండి."

అయ్యగారు, అమ్మా అట్లా తొందరపడి అనొద్దమ్మా అంటూ ముందుకు వచ్చాడు. ఒకసారి సంఘంలోంచి తీసేసిన మనిషిని మళ్లీ చేర్చుకోవడం మాటలు కాదని, చేర్చుకోవాలన్నా ఇంటింటి ఒప్పుదల కావాలని, అందులో దయమ్మ ఒప్పుదలా కావాలని ఆయనకూ తెలుసు, హేబ్సిబాకూ తెలుసు. మంచం మీద ముసలమ్మ ఉన్నట్టుండి కళ్లు తెరిచి, ఇంకెంతసేపు అని అడిగింది. ఈసారి చెవిలో జవాబు చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

సంసోను తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. పెళ్లయి ఇన్నేళ్లలో నలుగురిలో ఆమెను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలిచాడు.

"హేబ్సిబా." ఆ తర్వాతి మాట కోసం ఆయన చాలాసేపు తన్నుకులాడాడు. "బయటికి పో."

ఆమె తల ఊపింది. మంచం పక్కకు వచ్చి, అత్తగారి అరచేతిని ఒకసారి కళ్లకు అద్దుకుని, ద్వారం వైపు నడిచింది. ద్వారం చేరాలంటే దయమ్మ ముందు నుంచే పోవాలి. అక్కడికి వచ్చేసరికి అడుగు దానంతటదే నెమ్మదించింది. ఒక్క మాట చాలు. మాట కాకపోయినా చెల్లెలు ఒక్కసారి తలెత్తి చూస్తే చాలు.

కొంగు కింద దయమ్మ చేతులు కదిలాయి. హేబ్సిబా గడప మీద ఆగింది, వెనక అయ్యగారు రొట్టె కోసం ప్రార్థన మొదలుపెట్టలేక నిలబడ్డాడు. ఆ చేతులు బయటికి రాలేదు.

హేబ్సిబా గడప దాటింది.